రోజూ నడిపేవాళ్ళు ఎవరు?

మా ఆయనకు బండి ఎత్తు చాలడం లేదు. ఈ సంగతి నాతో అనకముందే కొండలూ వాగులూ తిరిగే బండ్లవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ముప్పై ఎనిమిది మందికి చెప్పుకున్నాడు. వాళ్ళలో ఇరవై మంది నాలుగంగుళాలు లేపమన్నారు, పదిమంది ఆరన్నారు, మిగిలినవాళ్ళు బొటనవేలి బొమ్మలు పెట్టి ఊరుకున్నారు. ఆ బండిని రోజూ నడిపే మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ మనిషిని నేనే.

నేను పశువుల డాక్టర్ని. పొద్దున ఏడింటికి బయల్దేరితే పశువుల కొట్టాలన్నీ తిరిగి ఇల్లు చేరేసరికి సాయంత్రమవుతుంది. సగం దారి తారు, సగం దారి రాళ్ళు. బండి వెనక మందుల పెట్టెలు, తాళ్ళు, నీళ్ళ క్యాను, ఎద్దు వీర్యం చల్లగా నిల్వ ఉంచే నైట్రోజన్ డబ్బా కలిపి వంద కిలోల పైమాటే. మా ఆయన ఇన్సూరెన్సు ఆఫీసులో ప్రమాదాలు అంచనా కడుతుంటాడు. ఆఫీసు మా ఇంటి నుంచి నడిచి ఆరు నిమిషాలు. మధ్యలో ఒకే ఒక్క స్పీడ్ బ్రేకరుంది, అదీ అరిగిపోయింది.

అయినా గ్రూపులో ఆయన్ని బురదసింహం అంటారు. అదెలా వచ్చిందో నాకు చాన్నాళ్ళు అర్థం కాలేదు. ఒక సాయంత్రం ఇంటికొచ్చి బండి కడుగుదామని పైపు పట్టుకున్నాను. ఆయన చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చాడు.

"ఆగాగు, కడగొద్దు! వెలుతురు బాగుంది."

నల్లకళ్ళద్దాలు పెట్టుకుని బానెట్‌కి ఆనుకుని నిలబడ్డాడు. ఫోటో నేనే తీశాను, నడుము దాకానే, ఎందుకంటే కింద ఉన్నది నిక్కరు. "ఈరోజు దారి కాస్త మొండికేసింది" అని రాసి పంపాడు. ఆ దారి మొండికేసిన సమయంలో ఆయన ఆఫీసులో ఏసీ కింద కూర్చుని ఉన్నాడు. నేను ఒక గేదె కడుపులో భుజం దాకా చెయ్యి పెట్టి ఉన్నాను. మురిపెంగానే నవ్వుకున్నాను అప్పుడు. బురదే కదా, పోనీ తీసుకోనీ అనుకున్నాను.

నవ్వు పోయింది ఈ మధ్యనే. రాతి క్వారీ దాటాక ఒక వాగుంటుంది. దాని అవతల ఒక ముసలామెకు రెండు ఆవులున్నాయి. మొదటిది ఈనలేక నొప్పులు పడుతోందని ఫోన్ చేస్తే ఆఘమేఘాల మీద వెళ్ళాను. వాగులో దిగగానే బండి పొట్ట రాయి మీద కూర్చుంది. వెనక బరువుకు స్ప్రింగులు ఎప్పుడో కుంగిపోయాయి. ముందుకూ రాదు, వెనక్కూ పోదు. సంచీ భుజాన వేసుకుని అరగంట నడిచాను. వెళ్ళేసరికి దూడ పోయింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. చేతులు కడుక్కోమని నీళ్ళు పోసింది. తిట్టినా బాగుండేది.

రెండో ఆవు ఈ నెలలోనే ఈనాలి. ఈలోగా ఆ వాగు దాటే బండి కావాలి నాకు. అందుకే మా ఆయన బండి లేపే మాట ఎత్తగానే సంతోషించాను, పిచ్చిదాన్ని.

"ఏవండీ, రెండంగుళాలు చాలు. వెనక మాత్రం బరువుకు తట్టుకునే స్ప్రింగులు వేయించాలి."

"రెండంగుళాలు వేస్తే ఏం కనపడుతుంది?"

"ఎవరికి కనపడాలి?"

ఆయన ఆ ప్రశ్న వినిపించనట్టు ఫోన్లో బొమ్మ చూపించాడు. నాలుగంగుళాలు లేపిన బండి. చక్రాలకీ బండికీ మధ్య మా పక్కింటి కుక్క పడుకోవచ్చు.

"బాగుంది. నేనెలా ఎక్కుతాను? తడి బూట్లు, చేతిలో సంచీ. రోజుకు ఇరవైసార్లు ఎక్కి దిగాలి."

"పక్కన మెట్టు పెట్టిద్దాం."

"ఆ మెట్టు వెళ్ళి రాయికి తగులుతుంది. ఇక లేపి ఏం లాభం?"

"నీకు టెక్నికల్‌గా తెలీదులే" అన్నాడు, చిన్నపిల్లకు చాక్లెట్ ఇచ్చినంత ప్రేమగా. ఒళ్ళు మండిపోయింది.

శనివారం బండిని కడిగి, నా సామానంతా దింపి హాల్లో పడేసి, మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్ళాడు. గంటలో తిరిగొచ్చాడు మొహం మాడ్చుకుని. షెడ్డు పెద్దాయన ఖాళీ బండిని కొలవనన్నాడట. రోజూ ఎంత బరువుతో తిరుగుతుందో అంత బరువుతో తెమ్మన్నాడట. ఆ పెట్టెలు ఎలా సర్దాలో మా ఆయనకు తెలియదు. నేను సర్దాను. నైట్రోజన్ డబ్బా ఊగకూడదని నేనే నడిపాను, ఆయన పక్కన కూర్చున్నాడు.

షెడ్డులో మా ఆయన కోసం గ్రూపు కెప్టెన్ ఎదురుచూస్తున్నాడు. ఈ కెప్టెన్ ఏ సైన్యంలోనూ లేడు, పళ్ళ డాక్టరు. గ్రూపుకు పెద్దదిక్కు. షెడ్డు పెద్దాయన లోపల వేరే బండి కింద నుంచి లేచి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"తొందరగా కానివ్వండి. రోజూ నడిపేవాళ్ళెవరు? సీట్లో కూర్చోండి. మనిషి బరువుతో సహా కొలవాలి."

కెప్టెన్ మా ఆయన వైపు చూశాడు. ఇంకేం చేస్తాడు, మా ఆయన హుందాగా ఎక్కాడు. ఎక్కాడు గానీ కూర్చోలేకపోయాడు. సీటు నా ఎత్తుకు ముందుకు జరిపి ఉంది. మోకాళ్ళు స్టీరింగుకు ఇరుక్కుని, గడ్డం వాటి మీద ఆనింది. అలాగే కదలకుండా ఉండిపోయాడు.

పెద్దాయన లైటు పట్టుకుని బండి కిందకు దూరాడు.

"సార్, గేర్‌బాక్సు కింద పలక ఎడమ పక్క నొక్కుకుపోయింది. ఎప్పుడూ ఒకేచోట తగులుతోంది. ఏ దారండీ అది?"

"అదే... కొండ వైపు" అన్నాడు మా ఆయన మోకాళ్ళ మధ్య నుంచి.

"కొండెక్కితే ఇక్కడ తగలదు సార్. బరువుతో కిందికి దిగేటప్పుడు తగిలింది ఇది."

నేను ఊరుకుందామనే అనుకున్నాను. కానీ ఆ ముసలామె పోసిన నీళ్ళు గుర్తొచ్చాయి.

"క్వారీ పక్క వాగు. దిగగానే ఎడమవైపు రాయుంది. తప్పిద్దామంటే కుడివైపు గుంట" అన్నాను.

పెద్దాయన తల బయటికి పెట్టాడు. "ఎవరమ్మా నువ్వు?"

"రోజూ నడిపేదాన్ని."

"మరి ఆయన్నెందుకు కూర్చోబెట్టారు?"

మా ఆయన హారన్ బటన్ను అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. కెప్టెన్ గోడ మీది టైర్ల బొమ్మలు చూడసాగాడు. తన బండికి అంటిన మట్టి ఎక్కడిదని ఎవరైనా అడిగితే ఆయనకూ ఇబ్బందే అనుకుంటాను.

ఆ తర్వాత పెద్దాయన నన్నే కూర్చోబెట్టి కొలిచాడు, నన్నే అడిగాడు. రోజుకు ఎన్నిసార్లు దిగుతావు, తారు రోడ్డు మీద ఎంత వేగం పోతావు, బరువు ఎప్పుడైనా తగ్గుతుందా అని. నాలుగంగుళాలు లేపితే షాఫ్టు కోణం మారి బండి వణుకుతుందనీ, బ్రేకు గొట్టాలు చాలవనీ, మలుపుల్లో ఊగుతుందనీ చెప్పాడు. రెండంగుళాలు, వెనక గట్టి స్ప్రింగులు, కింద కొత్త పలక. అంతే.

"నేనూ అదే అనుకున్నాను" అన్నాడు మా ఆయన. ఇల్లు చేరేలోపే "ఎంతో పరిశోధన చేసి రెండు దగ్గర ఆగాను" అని గ్రూపులో పెట్టేశాడు కూడా.

బండి వచ్చిన నాలుగో రోజు ఆదివారం. పొద్దున్నే ముసలామె ఫోన్ చేసింది.

"డాక్టరమ్మా, రెండోది కూడా నొప్పులు పడుతోంది. కాలు ఒక్కటే కనపడుతోందమ్మా."

మా ఆయన అప్పటికే తాళాలు పట్టుకుని నిలబడ్డాడు. తానే నడుపుతానన్నాడు. దారంతా నేను ఆమెతో ఫోన్లో మాట్లాడాలి, సరేనన్నాను. తారు రోడ్డు మీద బాగానే నడిపాడు, అబద్ధం ఎందుకు చెప్పాలి. వాగు దగ్గర ఆపాడు. దిగాడు. నడుం మీద చేతులు పెట్టుకుని నీళ్ళను చూశాడు.

"ఎక్కండి, టైం లేదు."

"లైన్ చూడాలి, చక్రం ఎక్కడ పడాలో. గ్రూపులో ఎవరైనా ముందు దిగి లైన్ చూస్తారు."

వంగి చూశాడు. పక్కకు జరిగి చూశాడు. ఒక రాయి తీసి నీళ్ళలో వేసి చూశాడు. ఫోన్ మళ్ళీ మోగింది. నేను డ్రైవరు సీట్లోకి జరిగాను.

"సరే, నేను సైగలు చేస్తాను. నా చేతినే చూడు!"

నేను ఆయన చేతిని చూడలేదు. ఎడమ రాయి పక్కగా మెల్లిగా దిగాను. దడేలున తగిలే చోటు వచ్చింది. పళ్ళు బిగపట్టాను. ఏమీ తగల్లేదు. బండి కింద నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఏడుపొచ్చింది నాకు. గట్టెక్కి అద్దంలో చూస్తే మా ఆయన ఇంకా రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు. నేను ఆగలేదు.

దూడ కాలు ఒకటి వెనక్కి మడతపడి ఉంది. దూడను లోపలికి నెట్టి, ఆ కాలు దొరకబుచ్చుకుని సరిచేసి, తాడు వేశాను. ముసలామె, నేను కలిసి లాగాం. బయటపడ్డాక అది ఉలకలేదు పలకలేదు. ముక్కులో గడ్డిపరక పెట్టి తిప్పాను. తుమ్మింది. ఇంకోసారి తుమ్మి తలెత్తింది. తల్లి దాన్ని నాకడం మొదలుపెట్టింది.

ముసలామె నా చేతుల మీద నీళ్ళు పోస్తుండగా మా ఆయన వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసింది, బూట్లు చేతిలో ఉన్నాయి.

"ఎవరు బాబూ నువ్వు? డాక్టరమ్మ డ్రైవరువా?" అని అడిగిందామె.

ఆయన దూడను చూశాడు, నన్ను చూశాడు. ఏవో కోతలు కోస్తాడనుకున్నాను.

"కాదమ్మా. బండి ఆవిడే నడుపుతుంది."

"మరి నువ్వెందుకొచ్చావు నాయనా?"

ఎగతాళికి కాదు, నిజంగానే తెలియక అడిగింది. మా ఆయన చేతిలోని బూట్లు చూసుకున్నాడు. నువ్వైనా చెప్పు అన్నట్టు నా వైపు తిరిగాడు.

ఆమె అడిగింది ఆయన్ని. నేను సబ్బు తీసుకుని రెండో చెయ్యి రుద్దుకున్నాను.