అట్లాసు కొండల్లో స్వయంపాకం

మొరాకో దేశంలో మన నరసింగరావుని బెదరగొట్టినవి కొండలూ కావు, ఎడారీ కాదు. తిండి.

గరివిడిలో మాంగనీసు రాయి కొని అమ్మే ఒక కంపెనీ, ఆ దేశపు గనుల్లో పని ఎలా సాగుతోందో చూసి రమ్మని ఇద్దర్ని పంపింది. ఒకరు మేనేజరు నరసింగరావు. రెండోవాడు, రాయిలో సరుకెంతో పరీక్షచేసి చెప్పే కెమిస్టు ఏసుదానం. అరవై ఎనిమిదో సంవత్సరం. విమానమెక్కడమంటే ఊరు ఊరంతా స్టేషనుకొచ్చి దండలు వేసే రోజులు. ఇద్దరి మెళ్ళోనూ దండలు పడ్డాయి.

ఏసుదానం వాళ్ళది తాతల కాలంలో ఊరి వెలుపలి పేటలోంచి మిషను బడికి నడిచి వెళ్ళి చదువుకున్న కుటుంబం. ఏళ్ళ తరబడి ఇద్దరిదీ ఒకే ఆఫీసు. పనుండి ఏసుదానం నరసింగరావు ఇంటికి ఎన్నిసార్లు వచ్చినా వీధరుగు దాటింది లేదు. అరుగుమీద గూట్లో అతనికోసం వేరే గ్లాసొకటి ఉండేది. నరసింగరావు చెడ్డవాడని నేననను. ఆ గ్లాసుని అక్కడ పెట్టింది వాళ్ళమ్మ. ఆవిడ పోయాక కూడా తీసెయ్యనిది మాత్రం ఇతనే.

కాసాబ్లాంకాలో దిగి, మర్రాకేషు మీదుగా జీపులో అట్లాసు కొండలెక్కారు. కొండ నడుమున ఎర్రమట్టి ఇళ్ళు, నెత్తిన మంచు, పక్కన తొంగిచూస్తే కళ్ళు తిరిగే లోయ. మలుపు మలుపుకీ నరసింగరావు జీపాపించి వాంతి చేసుకున్నాడు. మనిషి వాలిపోవడం చూసి డ్రైవరు బ్రాహిం, దారిలోనే ఉన్న తన తల్లి ఇంటికి తీసుకుపోయాడు.

ఆవిడ పెద్ద మట్టిపళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టింది. గోధుమనూకలాంటిది ఆవిరిమీద ఉడికించి గుట్టగా పోసి, పైన గుమ్మడికాయ ముక్కలూ వేటమాంసమూ పేర్చింది. అందరూ చుట్టూ కూర్చున్నారు. విడివిడి కంచాలు వస్తాయని నరసింగరావు గుమ్మంవైపు చూస్తూనే ఉన్నాడు. రాలేదు.

ఏసుదానం వెనక్కి జరిగి గోడకానుకున్నాడు. "మీరు తినండి బాబూ. నాను తరవాత తింతాను" అన్నాడు.

ముసలమ్మకి ఆ మాట అర్థం కాలేదు. ఆ జరగడమూ అర్థం కాలేదు. కొత్తకి సిగ్గుపడుతున్నాడనుకుంది కాబోలు, తన భాషలో గట్టిగా కేకలేసి, అతని మణికట్టు పట్టుకు లాక్కొచ్చి, చెయ్యి పళ్ళెంలో పెట్టేసింది. సరిగ్గా నరసింగరావు చేతి పక్కన. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆకలి మాత్రం దహించుకుపోతోంది. తిన్నారు.

తర్వాత మజ్జిగ గిన్నె వచ్చింది. ఒకరు తాగి ఇంకొకరికి అందిస్తున్నారు. ఎంగిలి తగలకుండా నరసింగరావు మొహం పైకెత్తి గిన్నెలోంచి ధారగా పోసుకోబోయాడు. అది చెంబు కాదు గదా, వెడల్పు గిన్నె. సగం మజ్జిగ చొక్కాలోకి పోయింది. ఇంటిల్లిపాదీ పకపకా నవ్వారు. ఏసుదానమూ నవ్వాడు. అతను పైకి నవ్వగా నరసింగరావు వినడం అదే మొదలు. రెండోసారి గిన్నె ఏసుదానం చేతిలోంచే వచ్చింది. నరసింగరావు ఒక్క క్షణం ఆగి, మూతి పెట్టే తాగాడు. ఆకాశమేమీ విరిగి పడలేదు.

గనులు చూశారు. అక్కణ్ణించి ఖర్జూరం తోటలు దాటి ఇసక దేశంలోకి దిగారు. అక్కడ నరసింగరావుకి జ్వరం, విరోచనాలు పట్టుకున్నాయి. మట్టిగదిలో చాపమీద పడి, కన్నతల్లికి కూడా చూపించుకోలేని స్థితిలో ఉంటే, ఏసుదానం ఒళ్ళు తుడిచాడు, బట్టలు ఉతికాడు. వెంట తెచ్చుకున్న బియ్యంతో గంజి కాచి, తల ఒళ్ళో పెట్టుకుని తాగించాడు. నరసింగరావు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. జ్వరానికి కాదు.

కోలుకున్నాక సఫీ అనే రేవుపట్నానికి చేరారు. చేపల వాసన, వల బాగుచేసుకునే జాలర్లు, హోరుమనే గాలి. అచ్చం మన భీమిలి. సముద్రం ముందు గోడమీద కూర్చుని నరసింగరావు అన్నాడు:

"ఏసుదానం, నన్నింక బాబూ అనకు. బావా అను."

ఏసుదానం ఆ మాటని పెదవులమీదే ఒకసారి అనుకుని చూసుకున్నాడు. "అలగే... బావా" అన్నాడు చివరికి.

"ఊరెల్లిన మొదటి ఆదివారం మీ ఇంటికి వస్తాను. నీ పక్కన కూసొని మీ ఆవిడ సేతి వంట తింతాను. మాటంటే మాటే."

"మా జ్ఞానసుందరి నమ్మదు గాని, సెప్తాను. గుళ్ళో ప్రార్థనయ్యాక నానే వచ్చి తీసుకెల్తాను."

ఏరు దాటాక తెప్ప తగలేసినవాడి కథ మనకి తెలుసు. నరసింగరావు తగలెయ్యాలని అనుకోలేదు. ఆ ఆదివారం పొద్దున్న కోటబొమ్మాళి నుంచి వాళ్ళ మేనమామ జగన్నాధం బంధువుల్ని వెంటబెట్టుకుని రైల్లో దిగకుండా ఉంటే, మాట నిలబెట్టుకునేవాడేనేమో. జగన్నాధమంటే ఆ వంశంలో పెళ్ళికైనా చావుకైనా ఆయన మాటే మాట.

అరుగు నిండిపోయింది. సాయంత్రం బండికే వాళ్ళ తిరుగు ప్రయాణం. నరసింగరావు మంచుకొండల గురించి చెప్పాడు. ఇసక దిబ్బల గురించి చెప్పాడు. అందరూ నోళ్ళు తెరుచుకు విన్నారు. అంతలో ఏసుదానం తెల్లటి ఇస్త్రీ బట్టల్లో వచ్చి మెట్టుమీద కూర్చున్నాడు. నరసింగరావు మాట ఒకసారి తడబడింది.

"కొండలకేటి గాని," అన్నాడు జగన్నాధం చుట్ట తీసి. "తిండి సంగతి సెప్పు. ఎవుల సేతి వంట తిన్నావు? ఏ మాంసమెట్టినారో, ఏ కంచంలో ఎట్టినారో?"

నరసింగరావుకి పళ్ళెం కళ్ళముందు కనిపించింది. నోటికి మాత్రం ఇంకో మాట వచ్చింది.

"నానొకల సేతి వంట తింతానా మావా? స్టవ్వు పట్టికెల్లినాను. అన్నాళ్ళూ స్వయంపాకమే."

"నిజమేనేటి?" జగన్నాధం మెట్టువైపు తిరిగాడు. "ఒరే ఏసుదానం, నువ్వున్నావు గదా. సెప్పు."

ఏసుదానం ఒక్కసారి తలెత్తి అతన్ని చూశాడు. కోపమైనా ఉంటే బాగుండేది ఆ చూపులో.

"అవును బాబూ. సారు సొంతంగానే వండుకునీవోరు. నాను నీళ్ళు తెచ్చి గుమ్మం అవతలెట్టీవోన్ని."

"అదీ మా మేనల్లుడంటే!" అని జగన్నాధం తొడ చరిచాడు. అందరూ నవ్వారు. నరసింగరావు కూడా నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

లోపల్నించి భార్య చిన్నతల్లి భోజనాలకి పిలిచింది. ఏసుదానం లేచి, "వస్తాను బాబూ" అని వెళ్ళిపోయాడు. ఆగమని నరసింగరావు అనలేదు. మామ పక్కన కూర్చుని ఏదో కెలికి లేచాడు. ముద్ద గొంతు దిగితే ఒట్టు.

భోంచేసి మామ నడుం వాల్చాడు. తేలు కుట్టిన దొంగలా నరసింగరావు పెరటిదారి పట్టాడు. ఎర్రటి ఎండలో రైలుపట్టాలు దాటి ఏసుదానం ఇంటికి చేరాడు. కాళ్ళమీద పడైనా సరే క్షమించమని అడగాలనీ, ఆ ఇంట్లో ఏది పెడితే అది తినాలనీ దారంతా అనుకుంటూనే ఉన్నాడు.

గుమ్మంలో జ్ఞానసుందరి ఎదురొచ్చి దణ్ణం పెట్టింది.

"రండి బాబూ. ఇంక రారేమో అనుకున్నాం. అన్నీ సిద్ధంగా ఉన్నాయి."

వాకిట్లో ఒక మూల శుభ్రంగా అలికి ఉంది. మూడు ఇటికల పొయ్యి, కొత్త కుండ, చీల్చిన కట్టెలు. చేటలో బియ్యం, పప్పు, వంకాయలు, పక్కన చింతపండూ ఉప్పూ.

"మీకు నియమమున్నాదంట గదా, ఒకల సేతిది తినరంట. ఈయన ఇంటికొచ్చాక సెప్పినారు" అంది ఆవిడ నొచ్చుకుంటూ. "ముందే తెలిస్తే పొద్దున్నించీ వండీదాన్నే కాదు. వండిందంతా పేటలో పంచీసినాను. కుండ కొత్తది బాబూ, నాను ముట్టుకోనేదు. నూతికాడ సేద ఉన్నాది. నీళ్ళు మీరే తోడుకోండి."

ఆ మాటల్లో ఎక్కడా ఎత్తిపొడుపు లేదు. నరసింగరావుకి తల కొట్టేసినట్టయింది. భర్త చెప్పింది ఆవిడ నమ్మింది. తలుపు దగ్గర నిలబడ్డ ఏసుదానం వైపు చూశాడు.

"ఏసుదానం, ఇదేటిది?"

ఏసుదానం దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఇంట్లో సెప్పుకోడానికి నాకూ ఒక మాటుండాలి గదా బాబూ. పొద్దున్నించీ సంబరపడిపోయి వండింది. మీరు రారని ఎలగ సెప్పీది?"

నరసింగరావు నీళ్ళు తోడాడు. పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. జన్మలో పొయ్యి ముట్టించి ఎరగడు. పుల్లలు పొగలెగజిమ్మాయి గాని అంటుకోలేదు. బియ్యం కడక్కుండానే కుండలో పోశాడు.

జ్ఞానసుందరి చూసి చూసి ఉండబట్టలేక అడిగింది: "అన్నాళ్ళు ఆ దేశంలో ఎలగ వండుకున్నారు బాబూ?"

"అక్కడ స్టవ్వు గదా," అని ఏసుదానం అందుకోబోయాడు.

"ఆగు," అన్నాడు నరసింగరావు. "నాను వండుకోనేదమ్మా. నీ భర్తా నానూ ఒకే పళ్ళెంలో తిన్నాం. జ్వరమొస్తే ఈయనే గంజి కాసి పోసి బతికించినాడు. పొద్దున్న మా మావ ముందర అబద్ధమాడినాను. నన్ను కాయడానికి ఈయనా ఆడినాడు."

ఆవిడ నరసింగరావుని చూడలేదు. భర్తని చూసింది. ఆ ఇస్త్రీ బట్టల్ని చూసింది. ఆవిడ మొహంలో మర్యాద కాస్తా వెళ్ళిపోయింది.

"ఆడదాన్ని, నాకు సెప్తే ఏటొస్తాది బాబూ? నా మొగుణ్ణి తక్కువ సేసింది మీ అరుగుమీద, పదిమందిలోన. సెప్పీదేదో ఆడ సెప్పండి. మీ మావగోరు సాయంత్రం బండికే గదా ఎల్తారు. ఇంకా టైమున్నాది."

"నువ్వూరుకో" అన్నాడు ఏసుదానం. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. అతనూ వెనకే వెళ్ళాడు.

నరసింగరావు వెళ్ళాలనే అనుకున్నాడు. లేవాలి, పట్టాలు దాటాలి, మామ ముందు నిలబడి నాలుగు ముక్కలు చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో కూడా ఆలోచించుకున్నాడు. అన్నం ఉడికింది, అడుగంటింది, మాడింది. నీడలు వాకిలి దాటాయి. కోటబొమ్మాళి వెళ్ళే బండి ఆ ఇంటి ముందునుంచే పోతుంది. అది కూతేసుకుంటూ వచ్చి, వెళ్ళి, చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా నరసింగరావు పొయ్యి ముందునుంచి లేవలేదు.