పదకొండు సెకన్ల వాన

మంగళవారం మధ్యాహ్నం మా వీధి కుర్రాడు క్రిసాంతో సంచి సర్దుకుంటుంటే పక్కన కూర్చుని ఒక్కొక్కటీ అందించాను. మూడు జతల పనిబట్టలు, ఒళ్ళునొప్పుల నూనె సీసా, వాళ్ళమ్మ నాలుగు పొరల కాగితంలో చుట్టి ఇచ్చిన ఎండుచేపలు. సరుకు ఓడలో ఇంజన్ గది పని అతనిది. పది నెలల ఒప్పందం. గురువారం పొద్దున్నే విమానం.

"చేపలు బట్టల మధ్యన పెట్టకు. ఓడలో వాళ్ళంతా పిల్లుల్లా నీ వెనకాలే తిరుగుతారు," అన్నాను.

"తిరగనీ లోలా. ఆ ఇంజన్ గదిలో నన్ను పలకరించే దిక్కెవరు?"

మా వీధిలో చిన్నవాళ్ళంతా నన్ను లోలా, అంటే అమ్మమ్మా అనే పిలుస్తారు, సొంత మనవలు కాకపోయినా.

నా చేత్తో సర్దిన సంచులు చాలానే గుమ్మం దాటాయి. జెడ్డా వెళ్ళిన మా ఆయనది, హాంగ్‌కాంగ్‌లో ఇంటిపనికి కుదిరిన మా చెల్లెలిది. వాళ్ళిద్దరూ మళ్ళీ ఆ గుమ్మం ఎక్కలేదు. ఆ రోజు మాత్రం అంతకన్నా పెద్ద బెంగ ఇంకోటి ఉంది. గురువారంలోగా వాన పడాలి.

నా మనవరాలు రోవెనా, మేమంతా వెంగ్ అంటాం, తన మొదటి సినిమా తీస్తోంది. వయసు ఇరవయ్యారు. ఒక చిత్రోత్సవం వాళ్ళు కథ మెచ్చుకుని కొంత సాయం చేశారు. ఆగస్టు ఆఖరుకి పూర్తి చేసి ఇవ్వాలి. కెమెరా పని దాని స్నేహితుడు జున్‌జున్‌ది. హీరో క్రిసాంతో. ఓడ పనికి సెలవులో వచ్చినప్పుడల్లా మా ఊరు మలబోన్‌లో చర్చి నాటకంలో క్రీస్తుని పట్టిచ్చిన యూదా వేషం వేస్తాడు. ఒక ఏడు ఎంత బాగా వేశాడంటే, మర్నాడు రొట్టెల కొట్టువాడు అతనికి రొట్టె అమ్మనన్నాడు. ఏ షాట్‌లో ఎన్ని బొత్తాలు పెట్టుకున్నాడు, చొక్కా మీద మరక ఎంతవరకు ఉంది, ఇవన్నీ పుస్తకంలో రాయడం నా పని. చదవడం, రాయడం అద్దెకి తెచ్చుకున్న బొమ్మల కథల పుస్తకాలతో నాకు నేనే నేర్చుకున్నవి. పొరపాటు పోతుందేమోనని ఒక్కొక్కటీ మూడుసార్లు చూసేదాన్ని.

కథ ఇది. శవాల గదిలో పనిచేసే గుమాస్తా ఒకడు చచ్చినవాడి వేలి ఉంగరం కాజేస్తాడు. అది చూసినవాణ్ణి చంపేస్తాడు. నెత్తుటి చొక్కాతో ఇంటికి పోతుంటే సందు మొగలో పోలీసులు నిలబడి ఉంటారు. సరిగ్గా అప్పుడే వాన కురిసి నెత్తురంతా కడిగేస్తుంది. పోలీసులు వదిలేస్తారు. ఇక జన్మలో వాణ్ణి ఎవరూ అనుమానించరు, వాడే వెళ్ళి ఒప్పుకున్నా ఎవరూ నమ్మరు. ఆ ఒక్క సీను తప్ప అంతా తీసేశాం.

వాన మాత్రం తొమ్మిది రోజులుగా లేదు. జులై నెల, మలబోన్‌లో మోకాలి లోతు నీళ్ళుండాల్సిన రోజులు. సందులో దుమ్ము లేస్తోంది.

మా దగ్గర లైట్లు లేవు. పొద్దుగుంకాక పావుగంట సేపు సందు మసకబారుతుంది, కెమెరాకి మాత్రం కనబడుతుంది. అదే మా సినిమాలో రాత్రి. రోజూ ఆ పావుగంట క్రిసాంతో మరకల చొక్కా వేసుకుని నిలబడేవాడు. మేం మెడలు పైకెత్తి ఆకాశం చూసేవాళ్ళం. మంగళవారం కూడా అంతే. చివరికి వెంగ్ కాలి చెప్పు తీసి మబ్బుల్లేని ఆకాశం మీదికి విసిరింది. అది పక్కింటి రేకుల మీద పడింది.

"రెండోది కూడా వేసెయ్ దిరెక్. దొరికినవాడికి జత పనికొస్తుంది," అన్నాడు జున్‌జున్. డైరెక్టర్లని ఇక్కడ అలాగే పిలుస్తారు.

"నోరు మూసుకో. వాన కురిపించమంటే ఫైరింజన్ వాళ్ళేమన్నారు?"

"ముందు ఇల్లు తగలబెట్టుకోండి, తర్వాత వస్తామన్నారు."

క్రిసాంతో నవ్వాడు. వెంగ్ నవ్వలేదు. గోడవైపు తిరిగి నిలబడింది. దాని వంగిన భుజాలు చూశాక ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఎందుకంటే వానని ఆపింది నేనే.

మా వైపు పెళ్ళి ఉన్నా, ఊరేగింపు ఉన్నా, వాన రాకూడదని సాంతా క్లారా మఠానికి కోడిగుడ్లు తీసుకెళ్ళి ఇస్తాం. మొక్కు ఏమిటో చీటీ మీద రాసిస్తే సన్యాసినులు ప్రార్థన చేస్తారు. మా వీధిలో ఏ శుభకార్యానికైనా గుడ్లు మోసేది నేనే. షూటింగ్ మొదలుపెడుతున్నానని వెంగ్ చెప్పగానే మూడు డజన్లు కొని, రెండు జీప్నీ బండ్లు మారి వెళ్ళి ఇచ్చొచ్చాను. 'నా మనవరాలి సినిమా పూర్తయ్యేదాకా చుక్క వాన పడకూడదు' అని రాశాను. కథ చివరి పేజీలు అప్పటికి వెంగ్ రాయలేదు. తర్వాత ఆ పేజీలు నా చేతికిచ్చినప్పుడు, వాన అన్న మాట చదివి పుస్తకం మూసేశాను. చెప్పడానికి నోరు రాలేదు.

బుధవారం తెల్లవారగానే మళ్ళీ మఠానికి వెళ్ళాను. కిటికీ చువ్వల అవతల ఒక సన్యాసిని కూర్చుని ఉంది, నాకన్నా పెద్దది.

"అమ్మా, పోయిన నెలాఖరున నేనొక చీటీ ఇచ్చాను. దాన్ని చించెయ్యాలి."

"చీటీలు ఏ రోజువి ఆ రోజే ప్రార్థనలో చదివేస్తాం తల్లీ."

"గుడ్లు?"

"పిల్లల ఆశ్రమానికి పంపాం. ఈపాటికి అరిగి కూడా ఉంటాయి. ఏం, పెళ్ళి ఆగిపోయిందా?"

"లేదమ్మా. మాకు వాన కావాలి. ఇవాళ సాయంత్రానికి."

ఆవిడ చువ్వల దగ్గరికి వంగింది. "వాన కావాలని ఇక్కడికి ఎవ్వరూ రారు," అంది. "దానికి ఏం తీసుకోవాలో కూడా మాకు తెలీదు. ఓపిక ఇమ్మని అడుగుతాలే."

ఓపిక నాకెందుకు? ఇంటికొచ్చి వెంగ్‌కి చెప్పేశాను. జున్‌జున్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "లోలా, నాకూ రెండు గుడ్లు పెట్టవా? మా ఓనరు నెలాఖరుదాకా నా గదివైపు రాకూడదని రాయి."

వెంగ్ నావైపే చూస్తోంది. "గుడ్లతో వాన ఆగుతుందని నేను నమ్మను," అంది. "కానీ లోలా, నన్నొక్క మాట అడగొచ్చు కదా? నా సినిమా గురించి నన్ను అడక్కుండా దేవుణ్ణి అడిగొస్తావా?"

తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం గత్యంతరం లేక పైపుతో వాన కురిపించాలనుకున్నాం. కుళాయి పైపు ఇంటి కప్పు మీదికి లాగి, చివర చిల్లుల డబ్బా కట్టాం. మా దగ్గర ఒకేలాంటి చొక్కాలు రెండే ఉన్నాయి. మొదటిసారి పైపు జారి నీళ్ళన్నీ జున్‌జున్ నెత్తిన పడ్డాయి. వాడు కెమెరా కాపాడుకోబోయి క్రిసాంతోని గుద్దేశాడు. అతనూ తడిసి ఒక చొక్కా పోయింది.

"రెండోది తడిస్తే ఇక లేదు," అన్నాను.

"తెలుసు లోలా!" అని అరిచింది వెంగ్. "అందరికీ తెలుసు!"

క్రిసాంతో పొడి చొక్కా వేసుకుని సందులోకి నడిచాడు. నీళ్ళు పడ్డాయి. అతను ఆగి, చేతులు కొంచెం ఎత్తి, రొమ్ము మీది మరక జారిపోతుంటే చూసుకున్నాడు. బతికిపోయానన్న సంతోషం ముఖంలోకి వచ్చింది. అది భయంగా మారబోతోంది. అంతలో పైపు గురగురమని దగ్గి, ఆగిపోయింది. వీధిలో అందరూ వంటకి నీళ్ళు పట్టుకునే వేళ అది. ఆ సంగతి నాకు తెలుసు. నలభై ఏళ్ళుగా తెలుసు. గుర్తు రాలేదు.

జున్‌జున్ కెమెరాలో చూసి చెప్పాడు, దొరికింది పదకొండు సెకన్లు. అందులోనూ అతనొక్కడి మీదే వాన, వెనక సందంతా పొడిగా కనబడుతోంది.

"వాన వీడొక్కడి మీదే పగబట్టినట్టుంది దిరెక్," అన్నాడు. ఆ మాటకి ఎవరూ నవ్వలేదు, వాడు కూడా.

గురువారం పొద్దున్న క్రిసాంతో బయల్దేరాడు. వెంగ్ గుమ్మం దగ్గర అతని చెయ్యి వదల్లేదు. "టికెట్టు మార్చుకోలేవా? వారం. నాలుగు రోజులు."

"మారిస్తే ఇంకొకణ్ణి ఎక్కించుకుంటారు దిరెక్. నా వెనక అమ్మ ఉంది కదా." సంచి భుజాన వేసుకుని అన్నాడు, "పది నెలలే. జుట్టు ఇలాగే కత్తిరించుకుని వస్తా. నిజమైన వానలో తీద్దువుగాని."

శనివారం వాన పడింది. నాలుగు రోజులు ఆగలేదు. సందులో మోకాలి లోతు నీళ్ళు. వెంగ్ బల్లమీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఆ నీళ్ళనే చూసింది. కెమెరా బయటికి తియ్యలేదు.

ఆ పదకొండు సెకన్లతోనే ముగించి పంపుదామని జున్‌జున్ బతిమాలాడు. ఒకరోజు మీదపడి పోట్లాడాడు కూడా. వెంగ్ వినలేదు. దొంగవాన పెట్టి పంపనని ఉత్తరం రాసి ఉత్సవం నుంచి తప్పుకుంది. మిగతా సినిమా అంతా కూర్చి, చివర రెండు నిమిషాలు నల్లగా వదిలేసింది.

నాకు ఒళ్ళు మండిపోయేది. "ఉన్నదాంతో ముగించెయ్ తల్లీ. మనుషులు తిరిగొస్తారని నమ్ముకుని కొస ఖాళీగా ఉంచకు."

"నీకు వెళ్ళినవాళ్ళంతా పోతారనే అనిపిస్తుంది లోలా."

"పోయారు కాబట్టే అనిపిస్తుంది."

నేను ఇక అడగలేదు. ఒప్పందం ప్రకారం క్రిసాంతో మే నెలలో రావాలి. వెంగ్ ఏప్రిల్ నుంచే జున్‌జున్‌ని ఇంకో పని ఒప్పుకోవద్దని చెప్పి పెట్టింది. నాచేత ఆ చొక్కా లాంటివి ఆరు కొనిపించింది.

క్రిసాంతో రాలేదు. 2010 ఏప్రిల్ 17న బ్రెజిల్‌లో సాంతోస్ రేవులో ఓడ దిగాడు, మళ్ళీ ఎక్కలేదు. ఎటు పోయాడో ఓడవాళ్ళకీ తెలీదు; సినిమా చివర ఆ రెండు నిమిషాలూ ఇప్పటికీ నల్లగానే ఉన్నాయి.