పిడుగు కోసం పుట్టిన తీగ

నేను ఒక రాగి తీగను. లావు చూస్తే పెన్సిలులో సగం ఉంటాను. పిడుగు కోసం పుట్టాను.

కడ్డీగా ఉన్న నన్ను ఒకదానికంటే ఒకటి చిన్నవైన బెజ్జాల్లోంచి లాగారు. లాగిన ప్రతిసారీ ఇంకాస్త పొడుగయ్యాను, ఇంకాస్త బిగుసుకుపోయాను. మనుషులూ ఇంచుమించు ఇలాగే తయారవుతారని తరవాత తెలిసింది. అప్పుడు మాత్రం నాకు తెలిసిందల్లా నా పని. పిడుగు పడితే దాన్ని పట్టుకుని, ఎవరికీ తగలకుండా భూమిలోకి దించెయ్యాలి. అంతే.

నర్సీపట్నంలో ఒక సినిమా హాలు వెనకగోడకి నన్ను బిగించారు. నా పై కొస కప్పు మీది ఇనప శూలానికి తగిలించారు. కింది కొస ఉప్పూ బొగ్గూ పోసిన గోతిలో పాతారు. తల ఆకాశంలో, కాళ్ళు మట్టిలో. ఎండాకాలంలో వాచ్‌మన్ ఆ గోతిలో బిందెడు నీళ్ళు పోసేవాడు, మొక్కకి పోసినట్టు. నేను మొలవలేదు.

గోడకి ఆనుకుని ఉన్నాను కాబట్టి లోపలి ఏడుపులూ నవ్వులూ నాకు వినిపించేవి. సినిమాలో ఉరుము ఉరిమినప్పుడల్లా నేను సిద్ధపడేదాన్ని. ఒళ్ళంతా బిగబట్టి ఉంటే, లోపల ఎవరో హీరోయిన్ కెవ్వుమని హీరోని పట్టుకునేది. జనం ఈలలు వేసేవారు. నిజం ఉరుములూ వచ్చేవి. కొండల మీంచి దిగి, మా కప్పు మీదుగా పోయి, అవతల పొలాల్లో ఏ తాటిచెట్టు మీదో పడేవి. తాటిచెట్టు ఏం అడిగిందని? ఇక్కడ నేనున్నాను కదా, పిలిచి కూర్చోబెట్టినట్టు.

అలా ఏళ్ళు గడిచాయి. నా మీద ఆకుపచ్చ చిలుము పట్టింది. పిడుగు రాలేదు. చివరికి ఆ హాలు కొట్టేసి కల్యాణ మండపం కడతామన్నారు. నన్ను గోడనించి ఊడబీకి, చుట్టలు చుట్టి, పాత ఇనప కొట్లో సైకిలు రిమ్ముల కింద పడేశారు. ఏ పని కోసం పుట్టామో ఆ పని చెయ్యకుండానే మన కథ అయిపోతే ఎలా ఉంటుందో, ఆ రిమ్ముల కింద పడుకుని చాలాకాలం ఆలోచించాను.

అక్కడికి దేముళ్ళు అనే ముసలాయన వచ్చాడు.

ఆయనది లంబసింగి ఘాటు రోడ్డులో, కొండవాలున ఒక నర్సరీ. తల పండిపోయింది, మోకాళ్ళు అరిగిపోయాయి. మాట్లాడడం చాలా తక్కువ. ప్రతి మాటనీ కొండ కిందనించి మోసుకురావాలన్నట్టు పొదుపుగా వాడతాడు. కొట్టువాడు ఎంతసేపు బేరం పెట్టినా ఆయన నా కొసని గోటితో గీకి చూస్తూ నిలబడ్డాడు. చిలుము కింద ఎర్రగా మెరిశాను. నన్ను భుజాన వేసుకుని బస్సెక్కాడు.

దేముళ్ళు పెంచేది ఎక్కువగా సిల్వర్ ఓక్ మొక్కలు. కాఫీ తోటలకి నీడ కోసం నాటుతారు వాటిని. నల్లటి ప్లాస్టిక్ సంచుల్లో విత్తనం వేస్తాడు, మోకాలెత్తు రాగానే లారీ ఎక్కిస్తాడు. చుట్టుపక్కల కొండలన్నిటా ఆయన మొక్కలే. కాని ఏ ఒక్క చెట్టూ ఆయన కళ్ళ ముందు ముసలిది కాలేదు. తన చేత్తో పెంచిన చెట్టు ఒక్కటైనా, బెరడు పగిలి, వంగి, తనంత ముసలిదయ్యాక చూడాలని ఆయనకి కోరిక. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. భార్య నూకరత్నానికి ఎప్పుడో ఒకసారి అని ఉంటాడు. ఆమె మాత్రం వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. "ముసలి సెట్టు కావాలంట మా ఆయనకి. ఇంట్లో ముసలిదాన్ని నానుండగా సాల్లేదు" అంటుంది. ఇప్పుడు నాటిన చెట్టు ముసలిదయ్యేదాకా తాను ఉండనని దేముళ్ళుకి తెలుసు. అందుకే ఆ మాట విన్నప్పుడల్లా చేతిలో సంచీ కిందపెట్టి ఇంకో సంచీ తీసుకునేవాడు.

నర్సరీ చివర, సిల్వర్ ఓక్‌ల నీడలో ఒక పైన్ మొక్క ఉండేది. ఎప్పుడో లారీ ఎక్కకుండా మిగిలిపోయింది. సంచీ అడుగు చీల్చుకుని వేరు నేలలోకి దిగిపోయింది. వెలుతురు కోసం ఒకపక్కకి సాగి సాగి, బొటనవేలంత లావు కాండంతో, కింద ఆకు లేకుండా, పైన మాత్రం గుబురుగా, గాలికి ఊగుతూ ఉండేది. అమ్ముడుపోదు. అలాగని పీకి పారెయ్యబుద్ధీ కాదు.

దాన్ని చూసి ఆగినావిడ ఇందుమతి గారు. విశాఖపట్నంలో పిల్లల డాక్టరు. ప్రతి చలికాలం మొక్కల కోసం కొండెక్కి వచ్చేది. ఈ మొక్కని ఊరికే పెట్టుకోకు దేముళ్ళూ, బోన్సాయ్ చెయ్యి, పండితుల శైలికి సరిగ్గా సరిపోతుంది అంది. పూర్వం చైనాలో కొందరు పండితులు రాజుల కొలువు వదిలేసి కొండల్లో గుడిసెలు వేసుకున్నారట. వాళ్ళు బొమ్మల్లో గీసుకున్న పైన్ చెట్లు ఇలాగే ఉండేవట. పొడుగ్గా, సన్నగా, గాలివానలన్నీ చూసినట్టు, నాలుగు ఆకులతో. ఆ చెట్టు అందం ఉన్నదాంట్లో కాదు, తీసేసినదాంట్లో ఉంటుంది అంది.

"ఏటిది, పండితులకి తిండి నేక సెట్లు కూడా బక్కసిక్కిపోనాయా?" అంది నూకరత్నం.

ఇందుమతి గారు పగలబడి నవ్వింది. నిజం అదేనేమో అంది. మొక్కని ఎలా పట్టుకోవాలో, ఎక్కడ కొయ్యాలో, తీగ ఎలా చుట్టాలో ఒక పూటంతా కూర్చుని చూపించింది. ఇలా చేస్తే చిన్న వయసు చెట్టు కూడా ముసలి చెట్టులా కనిపిస్తుందని చెప్పింది. ఆ మాట దగ్గర దేముళ్ళు తలెత్తాడు.

వేర్లని విడతలు విడతలుగా కోసి, ఆయన ఆ పైన్‌ని నేలనించి తప్పించాడు. అడుగున బెజ్జం కొట్టిన ఒక వంకర మూకుట్లో పెట్టాడు. అది బాగా నాటుకుని కొత్త ఆకు వేశాక, చలికాలంలో, కత్తెర తీశాడు. ఒక కొమ్మ తీసి దూరం జరిగి చూసేవాడు. మళ్ళీ వచ్చి ఇంకో కొమ్మ. శిఖరాన్ని కొట్టి, మిగిలిన మోడు బెరడు ఒలిచి, సున్నమూ గంధకమూ కాచిన నీళ్ళు పూశాడు. అది ఎముకలా తెల్లబడింది. ఆఖరికి మిగిలింది ఒక్క కొమ్మ. సగం ఎత్తులో మొదలై పక్కకి పోయేది. ఇక అది బతికితే చెట్టు, లేకపోతే పుల్ల.

అప్పుడు నా వంతు వచ్చింది. పిడకల మంటలో వేశాడు నన్ను. ఎర్రగా కాలాను. చిన్నప్పటినించీ నాలో ఉన్న బిగువంతా కరిగిపోయింది. ఇదేనా పిడుగంటే అనుకున్నాను. కాదు. ఇది నెమ్మదిగా ఉంది. బయటికి తీసేసరికి పట్టుదారంలా వంగుతున్నాను. కాల్చిన రాగి సంగతి మీకు చెప్పాలి. అది మెత్తగా ఉండేది ఒక్కసారే. వంచాక ఆ వంపులోనే మళ్ళీ బిగుసుకుంటుంది. 

నా కింది కొస మూకుట్లో మట్టిలో గుచ్చాడు. కాండం చుట్టూ తడిపిన గోనెపీలిక చుట్టి, దాని మీంచి నన్ను మెలికలు తిప్పుకుంటూ పైకి తీసుకెళ్ళి కొమ్మ చివరిదాకా చుట్టాడు. మళ్ళీ కాళ్ళు మట్టిలో, తల పైన. అదే కాపలా, ఈసారి గోడకి కాదు.

"ఒక్క కొమ్మ మిగిల్చి దానికీ సంకెళ్ళు ఏత్తన్నావు. ఏటి పాపం సేసిందయ్యా అది?" అని అడిగింది నూకరత్నం.

ఆయన రెండు చేతులతో కొమ్మని కిందకి వంచాడు. వంచుతుండగా లోపల చిట్లింది. సన్నటి చప్పుడు. నాకు వినబడింది, ఆయన వేళ్ళకి తెలిసింది. ఆయన మొహం మట్టిరంగుకి తిరిగింది. వదలలేదు, ఇంకా వంచనూ లేదు. అక్కడే పట్టుకుని నూకరత్నం వైపు చూశాడు. ఆమె వెళ్ళి గోనెపీలికా బంకమట్టీ తెచ్చి, చిట్లిన చోట తానే కట్టింది. ఆయన వదిలేశాక కొమ్మని పట్టి ఉంచాల్సింది నేను.

పట్టి ఉంచాను. కొండ మీద పొగమంచు దిగేది. ఎక్కడ నేను, ఎక్కడ చెట్టు, ఎక్కడ ఆకాశం తెలియని తెల్లదనం. ఆకుల కొసలు పసుపెక్కాయి. దేముళ్ళు పొద్దున్నే టీ కూడా తాగకుండా వచ్చి, ఒక్క ఆకుని వేళ్ళ మధ్య పెట్టి చూసి వెళ్ళేవాడు. ఆయన వెళ్ళాక నూకరత్నం వచ్చి చూసేది. ఒకరు వస్తున్నట్టు ఒకరికి తెలియదనుకునేవారు. ముక్కూ మొహమూ లేని మాలాంటివాళ్ళ ముందు మనుషులకి సిగ్గుండదు.

నేను వింటూ ఉండేదాన్ని. గోనె కింద, బెరడు కింద, చాలా లోతున ఏదో కదులుతోంది. మట్టిలోంచి బయల్దేరి కాండం మీదుగా, నా మెలికల లోపలినించి పైకి పోతోంది. పిడుగు పైనుంచి కిందకి, కన్ను మూసి తెరిచేలోగా వస్తుందంటారు. ఇది కిందనించి పైకి, ఒక రుతువంతా తీసుకుని పోతోంది. చిట్లిన చోటికి వచ్చి ఆగింది. వెతుక్కుంది. పక్కనించి దారి చేసుకుంది. మంచు పోయిన ఒక ఉదయం ఆ కొమ్మ చివర మొగ్గలు కొవ్వొత్తుల్లా నిలబడ్డాయి. దేముళ్ళు వాటి ముందు చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. నూకరత్నం టీ అక్కడికే తెచ్చి ఇచ్చింది.

మళ్ళీ చలికాలం దగ్గర పడింది. ఇందుమతి గారు వచ్చి చూసింది. విశాఖపట్నంలో ప్రదర్శన ఉంది, తీసుకురా, కాని తీగ తీసెయ్యాలి, చూడు, అప్పుడే బెరడులోకి దిగుతోంది అంది. ఆమె చెప్పింది నిజం. చెట్టు లావెక్కుతోంది, నేను సాగను. ప్రేమగా పట్టుకున్నాననుకుంటూ కోస్తున్నాను. ఇందులో కూడా మనుషులకీ నాకూ పెద్ద తేడా లేదు.

దేముళ్ళు తియ్యలేకపోయాడు. రోజూ కటింగ్ ప్లయర్ జేబులో వేసుకుని వచ్చేవాడు, చెట్టుని ఒకసారి చుట్టి వెళ్ళిపోయేవాడు. తీస్తే కొమ్మ లేచిపోతుందేమో. చిట్లిన చోట తెగిపోతుందేమో. ఉన్నది ఒక్క కొమ్మ. అది పోతే ఇంకోటి పెంచడానికి తనకి రోజులు లేవు. ప్రదర్శనకి బయల్దేరే ముందురోజు ఇక తప్పక చెట్టు ముందు కూర్చున్నాడు.

"రాగి కదా, నెమ్మదిగా ఇప్పుకో. మల్లీ పనికొత్తాది" అంది నూకరత్నం. ఆ ఇంట్లో పురికొస ముక్క కూడా పారెయ్యరు. చిరిగిన సంచులు కడిగి ఆరబెట్టి మళ్ళీ మట్టి నింపుతారు. దేముళ్ళు నా పై కొస పట్టుకుని ఒక మెలిక విప్పబోయాడు. నేను బిగుసుకుపోయి ఉన్నాను కదా, నాతోపాటు కొమ్మ కూడా మూలిగింది. చెయ్యి తీసేశాడు.

"ఇప్పితే కొమ్మిరిగిపోద్ది" అన్నాడు. ప్లయర్ తీసి మెలికకొక చోట కత్తిరించుకుంటూ వచ్చాడు. చిన్న చిన్న వంకర ముక్కలై ఆమె ఒడిలో పడ్డాను. ఆ ఇంట్లో తిరిగి వాడుకోకుండా పాడుచేసిన వస్తువు బహుశా నేనొక్కదాన్నే. ఆఖరి ముక్క రాలగానే కొమ్మ వణికింది. వేలెడు లేచింది. అక్కడ ఆగింది. ఇక లేవలేదు.

ఆ ముక్కలన్నీ మళ్ళీ పాత ఇనప కొట్టుకే చేరాయి. మట్టిలో గుచ్చిన నా కింది కొస మాత్రం జానెడు అలాగే ఉండిపోయింది. ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. దాని మీద నాచు పరిచారు. ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది ఆ ముక్కే.

ప్రదర్శనలో మాకు తెల్లటి గోడ ముందు ఒక బల్ల ఇచ్చారు. బల్ల మీద గుండ్రటి చెక్క, చెక్క మీద మూకుడు. ఇందుమతి గారు అటు వెళ్ళి ఇటు వచ్చేసరికి నూకరత్నం తాము తెచ్చిన క్రోటన్లూ ఫెర్న్‌లూ తెచ్చి మా చుట్టూ పేర్చేసింది. "ఒక్కద్దాన్నీ ఇలాగ నిలబెట్టేత్తారా నలుగుర్లో?" అంది.

ఇందుమతి గారు కాదనలేదు. ఒక్కటొక్కటే తీసి చూడండి, ఎక్కడ ఆపాలనిపిస్తే అక్కడ ఆపండి అంది. నూకరత్నం ఒక కుండీ తీసింది. దూరం జరిగి చూసింది. ఇంకోటి తీసింది. చెట్టుని కత్తిరించేటప్పుడు దేముళ్ళు ఎలా నడిచాడో అలాగే నడుస్తోంది. అన్నీ తీశాక చిన్న మట్టి ప్రమిదలో మొలిచిన గడ్డి దుబ్బు ఒకటి తెచ్చి, బల్ల చివర పెట్టింది.

"ఏదో ఒకటి తోడుండాల" అంది.

"ఉండనివ్వండి. బోన్సాయ్ పుట్టిన దేశాల్లో వాళ్ళు కూడా పక్కన ఇంత గడ్డే పెడతారు" అంది ఇందుమతి గారు.

జనం వచ్చారు. ఫోటోలు తీసుకున్నారు. ఎండిపోయిందా అని కొందరు, నీళ్ళు పొయ్యరా అని కొందరు అడిగారు. దేముళ్ళు అందరికీ ఊఁ అన్నాడు. బహుమతి ఎవరో గులాబీల వాళ్ళకి వచ్చింది. సాయంత్రం అవుతుండగా సముద్రం వైపు మబ్బు పట్టి ఉరిమింది. అలవాటు కొద్దీ, నాచు కింద, జానెడు ముక్కని, నేను సిద్ధపడ్డాను.

కొంగు నెత్తిన కప్పుకున్న ఒక ముసలమ్మ మా ముందు ఆగింది. మనవరాలు చెయ్యి పట్టి లాగుతున్నా కదల్లేదు. తెల్లటి మోడునీ, కిందకి వాలిన ఒంటి కొమ్మనీ కళ్ళు చికిలించి చూసింది.

"పిడుగు పడిన సెట్టు కదా బాబూ ఇది? మా ఊరి గట్టు మీద ఇలాటిదే ఒకటుండీది. మా అమ్మమ్మ సిన్నప్పటిది."

దేముళ్ళు చెట్టుని చూశాడు. ఆయన ఏం చెబుతాడోనని నూకరత్నం ఆయన వైపు తిరిగింది.

"అవునమ్మా" అన్నాడు దేముళ్ళు. "సానా కాలమైనాది."

ముసలమ్మ తలూపింది. అయినా బతికేసింది సూడు అని మనవరాలికి చూపించి వెళ్ళిపోయింది. దేముళ్ళు కండువాతో మొహం తుడుచుకుని బల్ల పక్కన స్టూలు మీద కూర్చున్నాడు, ఆ చెట్టు నీడలో కూర్చున్నట్టు. దాని నీడ ఆయన అరచేతిని కూడా కప్పదు.

ఇప్పుడు మేము కొండ మీదే ఉన్నాం. నేను మట్టిలో నెమ్మదిగా పచ్చబడుతున్నాను. వేరు ఒకటి నన్ను తాకుతూ పోయింది. వానాకాలంలో ఘాటు పొడుగునా ఉరుములు దొర్లుతుంటే సిల్వర్ ఓక్‌లన్నీ జడుసుకున్నట్టు ఊగుతాయి. నేను మాత్రం ఇక సిద్ధపడడం లేదు. మా మీద పడాల్సింది ఎప్పుడో పడింది. ముసలమ్మ చూసింది కదా.