ఉగ్గుగిన్నెడు బోండం నీళ్ళు

రత్నాలమ్మ నోటికి జడవనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. జడవక ఏం చేస్తారు, సగం ఊరు పుట్టింది ఆవిడ చేతుల్లోనే. ముప్పై ఏళ్ళుగా ఏ ఇంట్లో నొప్పులొచ్చినా మొదటి కబురు ఆవిడకే. పిల్లకి పాలు పడకపోయినా, కడుపు ఉబ్బినా, బాలింతకి జ్వరం తగిలినా ఆవిడే రావాలి. వచ్చి, నడుం మీద చెయ్యి వేసుకుని, ముందు తల్లిని నాలుగు తిట్లు తిట్టి, అప్పుడు వైద్యం చెప్పేది. తిట్లు లేని వైద్యమంటే ఊళ్ళోవాళ్ళకే నమ్మకం ఉండేది కాదు.

ఆ వైద్యాలన్నిట్లోకీ గట్టిది బేదుల వైద్యం. "డొక్క కట్టీయాల" అనేది. అంటే పిల్లకి నీళ్ళు బందు, గంజి బందు. పైనించి పొయ్యడం మానేస్తే కిందనించి పోవడం అదే మానేస్తుంది. తడిగుడ్డతో పెదాలు తుడవాలి, అంతే. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి! ఊరు నమ్మిందంటే ఊరి తప్పా? ఆవిడ నమ్మిందంటే ఆవిడ తప్పా? ఆవిడ అత్త అదే చెప్పింది, అత్తకి వాళ్ళత్త అదే చెప్పింది.

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు వేసవిలో, ఉద్దానం సీమలో నూతులు అడుగంటాయి. అడుగున ఉన్న బురదనీళ్ళే కడవలకి ఎత్తుకున్నారు. వారం తిరిగేసరికి సముద్రం ఒడ్డున జాలరిపేటలో వాంతులూ బేదులూ మొదలయ్యాయి. ఇంకో నాలుగు రోజులకి కొబ్బరితోటల్లో ఉన్న ఈ ఊళ్ళోకీ వచ్చాయి. రత్నాలమ్మ ఇల్లిల్లూ తిరిగి ఆరుగురు పిల్లలకి డొక్కలు కట్టించింది. ఏడో పిల్ల ఆవిడ ఇంట్లోనే మంచాన పడింది.

ఆ పిల్ల నీలవేణి, ఆవిడ కొడుకు గున్నయ్య కూతురు. మూడేళ్ళది. ఊరందర్నీ తిట్టే రత్నాలమ్మ ఈ గుంటని ఒక్కనాడు ఓసి అన్న పాపాన పోలేదు. అన్నం ముద్ద ఆవిడ చేత్తో పెడితేనే అది తినేది, ఆవిడ పక్కలోనే పడుకునేది. అలాంటిది రెండు రోజుల్లో పీల్చుకుపోయింది. కళ్ళు గుంటలు పడ్డాయి, ఏడిస్తే నీరు రావడం లేదు.

"మామ్మా, నీల్లు" అంది మూడోరోజు పొద్దున్న.

"ఇత్తానమ్మా, కాసేపాగు" అని తడిగుడ్డ పెదాలకి రాసింది రత్నాలమ్మ. పిల్ల ఆ గుడ్డనే చప్పరించబోయింది. ఆవిడ గుడ్డ లాగేసుకుంది. తన ఇంటి పిల్ల అనేసరికి వైద్యం మార్చేసిందని రేపు ఊరు అనదూ? వైద్యం అంటే వైద్యమే.

కోడలు పైడితల్లి గుమ్మం పక్కన కూర్చుని కళ్ళు ఒత్తుకుంటోంది. నాలుగేళ్ళ కాపురంలో అత్తకి ఎదురు మాట చెప్పిన మనిషి కాదు. ఆ పొద్దున రెండుసార్లు నీళ్ళకడవ వైపు చూసింది. రెండుసార్లూ అత్త చూసిన చూపుకి తల దించుకుంది.

ఎండెక్కుతుండగా దొరసాని వచ్చింది.

ఆవిడ పేరు హెలెన్. సముద్రాల అవతల కెనడా దేశంనించి వచ్చిన డాక్టరు. టెక్కలిలో మిషనువాళ్ళ దవాఖానాలో ఉండేది. జీపు ఇసకలో దిగబడిపోతే ఎడ్లబండి మీద జాలరిపేటకి వచ్చి, నాలుగు రోజులుగా అక్కడే చేపల పాకలో పిల్లల్ని చూసుకుంటోంది. ఇక్కడా జబ్బు పాకిందని విని, మందులపెట్టె తనే నెత్తిన పెట్టుకుని ఇసకలో నడిచి వచ్చేసింది. మొహం ఎర్రగా కమిలిపోయింది, చెప్పుల్లో కాళ్ళు బొబ్బలెక్కాయి.

రత్నాలమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అమ్మా, దయచేసి బిడ్డను చూడనివ్వండి" అంది దొరసాని. టెక్కలిలో ఎవరో పంతులుగారి దగ్గర నేర్చుకున్న పుస్తకాల తెలుగు ఆవిడది.

"ఒద్దు తల్లీ. నీ మందూ ఒద్దు, నీ మతమూ ఒద్దు. మా గుంటని కిరస్తానంలో కలిపీడానికొచ్చినావేటి?"

"మతం గురించి నేను మాట్లాడను. బిడ్డకు నీళ్ళు ఇస్తున్నారా?"

"నీల్లా! బేదులవుతంటే నీల్లిత్తారా ఎవులైనా? ఏం సదివినావమ్మా నువ్వు? ఎల్లు ఎల్లు, మా పిల్లని మేం సూసుకుంటాం."

ఇంకో మనిషైతే ఆ నోటికి వెనక్కి తిరిగేది. దొరసాని తిరగలేదు. కోపమూ పడలేదు. వాకిట్లో ఎండలోనే పెట్టె దింపి, దాని పక్కన ఇసకలో కూలబడింది. "మీరు పిలిచేవరకు ఇక్కడే ఉంటాను" అంది.

"కూకో. ఎండకి నువ్వే ఎల్లిపోతావు" అని రత్నాలమ్మ లోపలికి తిరిగింది.

తిరిగేసరికి పైడితల్లి పిల్లని భుజాన వేసుకుని నిలబడి ఉంది.

"ఓలే! ఏటి సేత్తన్నావే?"

పైడితల్లి అత్త పక్కనించి గుమ్మం దాటి, వాకిట్లోకి నడిచి, పిల్లని దొరసాని ఒళ్ళో పెట్టేసింది. రత్నాలమ్మ నోరు తెరిచింది గానీ మాట రాలేదు. ఆవిడ జన్మలో అలా జరగడం అదే మొదలు.

దొరసాని పిల్ల పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలింది. ఆ మడత అలాగే నిలబడిపోయింది, ఎంతకీ సర్దుకోలేదు. దొరసాని మొహం మారిపోయింది.

"ఈమెలో నీరు అయిపోయింది. రోగం వల్ల కాదు, దాహం వల్ల చనిపోతుంది. సాయంత్రం దాకా కూడా ఉండదు" అంది. "నరంలోకి ఎక్కించే సెలైన్ నా దగ్గర రెండు సీసాలే ఉండేవి. ఆ రెండూ జాలరిపేట బిడ్డలకు అయిపోయాయి. టెక్కలి చేరేదాకా ఈమె ఆగలేదు. నోటితోనే పట్టాలి. మంచి నీళ్ళు కావాలి, ఇప్పుడే కావాలి."

ఆ మాట అంటూనే తలెత్తి చూసింది. చుట్టూ కొబ్బరిచెట్లు, గెలలు గెలలుగా బోండాలు.

"అవి" అంది. "దేవుడు మూత పెట్టిన నీళ్ళు. వాటిలో ఏ మురికీ చేరదు."

వాకిట్లో నిలబడి వింటున్న గున్నయ్య అప్పటికే చెట్టెక్కుతున్నాడు. రత్నాలమ్మ గుండెలు బాదుకుంది. "ఓలమ్మో! బోండం నీల్లు సలవరా! బేదుల్లో బోండం నీల్లు పోత్తారేట్రా! గుంటని సంపీడానికి ఒకలికొకలు జతయ్యేరు గదరా!"

బోండం కొట్టారు. దొరసాని ఆ నీళ్ళలో చిటికెడు ఉప్పు వేసి, చెంచాతో పిల్ల నోటి దగ్గర పెట్టింది. నీలవేణి ఆ తెల్లమొహాన్ని చూసి పళ్ళు బిగించేసింది. తల్లి బతిమాలినా నోరు విప్పలేదు. నీళ్ళు దవడ మీదినించి కారిపోయాయి. రెండోసారీ అంతే. మూడోసారి మొహం తిప్పేసుకుని, కళ్ళు సగం మూసి, "మామ్మ" అంది.

దొరసాని చెంచా దించి రత్నాలమ్మ వైపు చూసింది. "మీ చేతితో అయితే తాగుతుంది. నా వల్ల కాదు అమ్మా. మీ వల్లే అవుతుంది."

ముప్పై ఏళ్ళు ఊరందరి చేతా మాన్పించిన పని, ఇప్పుడు రత్నాలమ్మ తన చేత్తో తను చెయ్యాలి. చేసి పిల్ల పోతే తనే చంపినట్టు. చెయ్యకపోతే? పిల్ల పొట్ట మీద ఆ మడత ఇంకా అలాగే ఉంది. అది చూశాక ఆవిడ ఇంకేం ఆలోచించలేదు. లోపలికి వెళ్ళి ఉగ్గుగిన్నె తెచ్చి, చతికిలబడి, పిల్లని ఒళ్ళోకి లాక్కుంది.

"నా తల్లి గదా, నోరు తెరు. మామ్మనే, తాగమ్మా."

పిల్ల నోరు తెరిచింది. ఒక గుక్క. కాసేపాగి ఇంకో గుక్క. మూడో గుక్కకి భళ్ళున కక్కేసింది.

"సూసినావా! సూసినావా! నాను సెప్పలేదేటి!" రత్నాలమ్మ అరిచింది.

"ఫర్వాలేదు. మళ్ళీ పట్టండి. తక్కువగా, నెమ్మదిగా."

మళ్ళీ పట్టింది. మళ్ళీ కక్కింది. మళ్ళీ పట్టింది. నీడ జరిగినకొద్దీ పిల్లతోపాటు ఇద్దరూ జరిగారు. దొరసాని లేవలేదు, నీళ్ళు తాగలేదు, ఎవరో తెచ్చిన పీట మీద కూడా కూర్చోలేదు. పిల్ల కక్కిన ప్రతిసారీ తన చేతిగుడ్డతో తనే తుడిచింది, ఛీ అనలేదు. నాడి పట్టుకుని కూర్చుని మధ్యమధ్య కళ్ళు మూసుకుని పెదాలు కదిపేది.

"ఏటి సదువుతన్నావు?" అంది రత్నాలమ్మ అనుమానంగా.

"నా దేవుణ్ణి అడుగుతున్నాను."

"అడుగు. నాను మా అమ్మోరిని అడుగుతన్నాను. ఎవులు ముందు పలికితే ఆలే పలకనీ."

దొరసాని నవ్వింది. ఆ కమిలిన మొహంలో ఆ నవ్వు చూసి, ఈ మనిషి ఎవరి పిల్ల కోసం ఇలా ఇసకలో మాడుతోందా అని రత్నాలమ్మకి మొదటిసారి అనిపించింది. తిట్టి పొమ్మన్న ఇంటి వాకిట్లో! తనైతే కూర్చునేదా? కూర్చునేది కాదు. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు.

మధ్యాహ్నం దాటాక కక్కడం ఆగింది. నాలుగు బోండాలు అయిపోయాయి. గిన్నె తీస్తుంటే పిల్ల రెండు చేతులతో పట్టుకుని వదలనంది. ఎండ వాలుతుండగా రత్నాలమ్మ తొడ మీద వెచ్చగా తగిలింది. ఒక్క నిమిషం ఆవిడకి అర్థం కాలేదు. వంగి చూసుకుంది.

"ఉచ్చోసింది! ఓలే పైడితల్లీ, నా తల్లి ఉచ్చోసిందే! కోకంతా తడిపేసిందే!"

పైడితల్లి ఒక్కసారిగా భోరుమంది. గున్నయ్య తలపాగా ఊడదీసి మొహం కప్పుకున్నాడు. దొరసాని పిల్ల పొట్ట మీద చర్మం పట్టి వదిలింది. మడత మెల్లగా సర్దుకుంది. "బ్రతికింది" అని, ఆవిడ కూడా చిన్నపిల్లలా ఏడ్చేసింది.

రత్నాలమ్మ మాత్రం కేకలు ఆపేసింది. ఒళ్ళో పిల్ల కేసి చూస్తూ అలా ఉండిపోయింది.

"దొరసానమ్మా. నాకు ఇంకోడు ఉండీవోడు. సింహాద్రి. గున్నయ్యకి తమ్ముడు, ఐదేల్లు. ఇదే జబ్బు. రెండ్రోజులు నీల్లడిగీడు. గుమ్మంలో కడవ ఉంటే పాక్కుంటా ఎల్లీడు. నానే ఈడిసి తెచ్చీసినాను." పిల్లని ఇంకా దగ్గరికి లాక్కుంది. "నీల్లిత్తే బతికీవోడా?"

ఏదో ఒకటి చెప్పి ఓదార్చడం ఎంతసేపు! వాడి రాత అంతేనమ్మా అంటే సరిపోయేది. దొరసాని ఆ ముసలి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"బ్రతికేవాడేమో అమ్మా. మీకు అబద్ధం చెప్పలేను. నేను చదువుకున్న రోజుల్లో మా పెద్ద డాక్టర్లు కూడా నీళ్ళు ఇవ్వవద్దనే నేర్పారు. మా దేశంలోనే. నేను కూడా ఒక తల్లికి అలాగే చెప్పాను. ఆమె బిడ్డ నా ఎదుటే పోయింది. ఆ తల్లి నన్ను నమ్మింది, అందుకే బిడ్డ పోయింది."

రత్నాలమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

అంతలో దొరసాని పెట్టె పట్టుకుని లేవబోయింది. పొద్దుటినించీ కూర్చున్న కాళ్ళు పట్టు తప్పి తూలింది. "ఈ ఊళ్ళో ఇంకా ఆరుగురు బిడ్డలున్నారని విన్నాను" అంది.

"కూకో నువ్వు" అని రత్నాలమ్మ ఆవిడని భుజం పట్టి కూర్చోబెట్టేసింది. "నీ మాట ఇనరు. తలుపులేసుకుంటారు. ఆలకి డొక్క కట్టించింది నాను." నీలవేణిని దొరసాని ఒళ్ళో పెట్టి, గిన్నె చేతికిచ్చింది. పిల్ల ఈసారి మొహం తిప్పుకోలేదు. "గున్నా, బోండాలు తియ్యి. గెలలకి గెలలు దింపీ. ఎనకాల పట్రా."

తడిసిన కోకతోనే వీధిలో పడింది. మొదటిది వరహాలు ఇల్లు. వరహాలు పెళ్ళాం గుమ్మంలోనే ఉంది, ఏడాది పిల్లాణ్ణి చాప మీద పడుకోబెట్టుకుని తడిగుడ్డ పిండుతోంది. రత్నాలమ్మ ఆ గుడ్డ లాక్కుని వీధిలోకి విసిరేసింది.

"నీల్లియ్యే వాడికి! ఇదిగో బోండం, చిటికెడు ఉప్పేసి పట్టు. కక్కినా పట్టు."

వరహాలు పెళ్ళాం తెల్లబోయింది. "అదేటత్తా? నిన్నే గదా ఒక్క సుక్క కూడా ఒద్దన్నావు?"

ఇరుగూ పొరుగూ గుమ్మాల్లోకి వచ్చారు. ఊరంతా వింటోంది. ముప్పై ఏళ్ళలో రత్నాలమ్మ ఒక్క మాట వెనక్కి తీసుకోగా ఎవరూ చూడలేదు. ఆవిడ తిట్లు ఎత్తుకుంటుందనే అందరూ అనుకున్నారు.

"ఒద్దన్నాను. తప్పు సెప్పినాను" అంది రత్నాలమ్మ, వీధి చివరిదాకా వినపడేలా. "నా సింహాద్రిని నీల్లియ్యక నానే సంపుకున్నాను. నువ్వు నీ బిడ్డని సంపుకోకే. పట్టవే, నీకు దండమెడతాను, పట్టు."