ఇంట్లో ఎవరికీ తెలియని జవాబు

ఆరిన బట్టలు మడతపెడుతుంటే ముందుగదిలోంచి ఆయన కేక. "ఏమోయ్, మీ ఆసుపత్రివాళ్ల పెన్షన్ వివరాలు ఎవడో కొట్టేశాడట! ఇలా రా."

నేను ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా రిటైరై ఏడాది కాలేదు. మా రికార్డులన్నీ ఆన్‌లైన్‌లో పెట్టేశామని ఆఫీసువాళ్లు గొప్పలు పోయారు. ఇప్పుడేమో కొందరివి బయటికి పొక్కాయట, అందరూ పాస్‌వర్డూ రహస్య ప్రశ్నా మార్చుకోవాలట. నాకు నవ్వొచ్చింది. నా పాస్‌వర్డ్ పెట్టింది ఆయన. కోడ్ వచ్చేది ఆయన ఫోన్‌కి. "నీకెందుకీ తలనొప్పి, నేను చూసుకుంటాగా" అన్నారు. చూసుకున్నారు కూడా. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా మా మరిదికి కారైపోయింది. కారు గుమ్మంలోకి వచ్చాకే నాకు తెలిసింది. ఇదేంటని అడిగితే, "ఇంట్లోవాడికేగా ఇచ్చింది, దొంగలకా?" అన్నారు అత్తయ్య.

ఆయన తెర మీది ప్రశ్నలు చదువుతున్నారు. "అమ్మ పేరు... పుట్టిన ఊరు... మొదటి బడి... అబ్బే, ఇవన్నీ మా తమ్ముడు కూడా చెప్పేస్తాడు. ఆఁ, ఇది బాగుంది. చిన్నప్పుడు మీరు ఏం నేర్చుకోవాలనుకున్నారు?" కీబోర్డు మీద వేళ్లు ఆగిపోయాయి. నావైపు తిరిగారు. "ఏంటోయ్? వంటేనా?" తన జోకుకి తనే పగలబడి నవ్వారు.

పెళ్లయి ముప్ఫై ఏళ్లు దాటింది. ఈ మాట ఎవరైనా అడిగితే బాగుండునని ఎంత ఆశపడ్డానో! ఈత నేర్చుకోవాలనుకున్నాను. అన్నయ్యలు నదిలో దూకుతుంటే నేను ఒడ్డున కూర్చుని వాళ్ల బట్టలకి కాపలా కాసేదాన్ని. డ్యూటీ నుంచి వస్తూ బస్సు వంతెన ఎక్కగానే, ఎంత అలసటలో ఉన్నా కిటికీలోంచి నీళ్లకేసి చూసేదాన్ని. ఆ నీళ్ల మీద వెల్లకిలా తేలుతూ ఒక్కసారి ఆకాశం చూడాలని ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

"లేవండి" అన్నాను.

"ఎక్కడికి?"

"కుర్చీలోంచి."

లేచారు. ఆయన నంబరు తీసేసి నాది పెట్టాను. మార్పుకి ఒప్పుకోమంటూ చివరి కోడ్ ఆయన ఫోన్‌కే వచ్చింది. చెయ్యి చాపాను. కాసేపు నసిగి, ఇచ్చారు. ఆయన్ని అటు తిరగమని కొత్త పాస్‌వర్డూ, జవాబూ కొట్టాను.

"నాక్కూడా చెప్పవా? నేనేమన్నా పరాయివాణ్ణా?"

"ఎవరికీ చెప్పొద్దని ఇక్కడే రాశారండీ."

మళ్లీ బట్టల దగ్గరికొచ్చి ఆయన చొక్కా చేతిలోకి తీసుకున్నాను. ఈ జవాబు కనిపెట్టే దొంగ ఎక్కడైనా ఉంటాడా? ఉంటే, పోలీసులకి పట్టించే ముందు వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, నా గురించి ఇంత ఎలా తెలుసయ్యా అని అడగాలనిపించింది.