బేస్తారం పుట్టిన పిల్ల

యాకోబు రంగూన్‌లో బియ్యం మిల్లు పనికి పోయి, అక్కడే సెయిన్ అనే బర్మా అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. యుద్ధం వచ్చాక ఇద్దరూ అడవుల వెంట వారాల తరబడి నడిచి, ఆపైన రైలెక్కి సొంతూరు గౌడవెల్లి చేరారు. అత్త ఏసమ్మకు కోడలి పేరు నోరు తిరగలేదు. దాంతో ఆమె ఊరందరికీ సేనమ్మ అయింది. ఆ పేరుకే పలికింది. మరుసటి ఏడు ఒక గురువారం కూతురు పుట్టినప్పుడు మాత్రం పేరు తానే పెడతానంది.

మేడ్చల్ చర్చిలో బాప్తిస్మం రోజున పాస్టరు పేరు అడిగాడు.

"మార్తమ్మ," అంది ఏసమ్మ.

"మ్యా," అంది సెయిన్. "మా దిక్కు పచ్చ రాయిని గట్లంటరు."

"గదేం పేరు బిడ్డా? ఊరోళ్లు నవ్వరా?"

"నవ్వనియ్యి అత్తమ్మా. పిల్ల బేస్తారం పుట్టింది. మా దిక్కు ఏ వారం పుడితే ఆ వారం అక్షరంతోని పేరు పెడ్తరు. బేస్తారానికి 'మ' వస్తది."

ఏసమ్మ ఆలోచనలో పడింది. "ఆయితారం పుట్టిందని మా అవ్వను ఆదెమ్మ అన్నరు. మీకు గూడ గిట్లనే ఉన్నదా?"

సెయిన్ తలూపింది. ఏసమ్మ పాస్టరు వైపు తిరిగింది.

"రెండు పేర్లు రాయుర్రి అయ్యగారూ. తల్లి పెట్టింది ముంగట రాయుర్రి."

పాస్టరు 'మ్యా మార్తమ్మ' అని రాశాడు.

ఇంటికి నడిచే దారిలో ఏసమ్మ కోడలి పక్కకు వచ్చింది. "నేను శుక్రారం పుట్టిన. మీ దిక్కయితే నన్నేమందురు?"

"థందా," అంది సెయిన్. "పగడం అన్నట్టు."

ఏసమ్మ ఆ పేరును రెండుసార్లు పలికి చూసుకుని, మనవరాలిని తన చంకకు మార్చుకుంది.