మూడు లెక్కపెట్టే దాకా

పొద్దున్నే భర్త లేచి వచ్చి కుర్చీలో కూలబడేలోపు, ఆ కుర్చీకి పైనున్న అల్మారా ఖాళీ చేసెయ్యడం ఆ ఇల్లాలికి అలవాటు. డబ్బాలన్నీ దించేది, గోడ గడియారం తీసి నేల మీద పెట్టేది. ఫ్యాను ఏనాడో విప్పించేశారు. కొత్తగా వచ్చిన పనిమనిషి కూడా రెండో రోజుకే ఈ పద్ధతి నేర్చేసుకుంది, ఎందుకని అడగలేదు. బకెట్ బాబాయ్ ఇల్లంటే అంతేగా మరి.

ఆ పేరు పెట్టింది జనం. తన మూడో సినిమాలో ఆయన హీరోయిన్ ముందు నిలబడి, గొంతు సవరించుకుని, నీతో ఒక మాట చెప్పాలి అన్నాడు. పైనుంచి బకెట్ వచ్చి నెత్తిన పడింది. హాలు హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నాలుగో సినిమాలో సున్నం డబ్బా పడింది, ఐదో దాంట్లో పావురాల గూడు. ఆ తరవాత కథలు రాసేవాళ్ళు బుర్రలకి పని చెప్పడం మానేశారు. ఆయన లాయరు వేషం వేసినా, దొంగ వేషం వేసినా ఒకటే తంతు: మనసులో మాట చెప్పబోతాడు, ఏదో ఒకటి నెత్తిన పడుతుంది. పడ్డాక కన్నార్పకుండా మూడు లెక్కపెట్టాలి. హాలు నవ్వుకోవడానికి వదిలే జాగా అది. నూట పన్నెండు సినిమాల్లో ఆయన లెక్క ఒక్కసారీ తప్పలేదు.

ఏ ఇరవయ్యో సినిమా నాటికో ఇంట్లో కూడా పడడం మొదలైంది. వేళాకోళాలాడినంతసేపూ ఏమీ కాదు. నిజంగా మనసు విప్పబోతే చాలు, పైన ఏదుంటే అది. డాక్టరుకి నొప్పి ఎక్కడో చెప్పబోతే ఆ గది గోడకున్న పటం ఊడి నెత్తిన పడింది. కన్నతల్లి ఆఖరి ఘడియల్లో ఉన్నప్పుడు చెయ్యి పట్టుకుని, "అమ్మా, నిన్ను సరిగ్గా చూసుకోలేదు, నన్ను..." అంటూండగా అటక మీంచి దుప్పట్ల మూట దబ్బున పడింది. ఖర్మ కాకపోతే, అప్పుడూ మూడు లెక్కపెట్టాడు. ఆవిడ పకపకా నవ్వింది, ఆ నవ్వులోనే పోయింది. ఎంత సుఖమైన చావో అని చుట్టాలంతా మెచ్చుకున్నారు. ఆ మిగిలిన సగం మాట పదేళ్ళుగా ఆయన గొంతులోనే ఉంది.

ఇప్పుడు కూతురికి పిలుపొచ్చింది. బడిలో పిల్లలకి లెక్కలు చెప్పుకునే అమ్మాయి. తండ్రీకూతుళ్ళ జంటతో వరసగా సినిమాలు తీస్తానని, ఇద్దరి నెత్తినా ఒకేసారి పడేలా రాయిస్తానని నిర్మాత కబురు పెట్టాడు. శనివారం సంతకాలు. చిన్నప్పట్నుంచీ నాన్న పక్కన నిలబడాలని కలలు కన్న పిల్లకి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఆయనకి మాత్రం ముద్ద దిగడం లేదు. తనకి పట్టిందే ఆ పిల్లకీ పడుతుందని ఆయన భయం.

భార్యతో మొర పెట్టుకుందామంటే, మీకేం తక్కువైందండీ అని ఆవిడ ఎదురడిగింది. జవాబు చెప్పబోతే గరిటెల స్టాండు పడింది. పోనీ రాసి చూపిద్దామంటే, మూడో మాటకే పైకప్పు పెచ్చు ఊడి కాగితం మీద పడింది. కూతురు ఆ పెచ్చులు దులుపుతూ పడీపడీ నవ్వింది.

శుక్రవారం సాయంత్రం కూతుర్ని వెంటబెట్టుకుని ఊరి బయట మైదానానికి వెళ్ళాడు. చెట్టు లేదు, స్తంభం లేదు, తీగ లేదు. ఎగిరే పక్షులు కూడా దాటిపోయేదాకా ఆగాడు.

"రేపు సంతకం పెట్టకు తల్లీ," అన్నాడు.

ఏమీ పడలేదు. చెప్పాల్సిందంతా నాలిక చివరే ఉంది. గబగబా చెప్పేస్తే సరిపోయేది. కానీ ముప్పయ్యేళ్ళ అలవాటు ఆయన మాట వినలేదు. కళ్ళు బిగుసుకున్నాయి, నోరు ఆగిపోయింది. ఒకటి. రెండు. రెండు దగ్గరే కూతురి పెదాలు వణకసాగాయి. మూడో లెక్కకి కడుపు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది.

"ఏమీ పడకుండానే నవ్వించేశావు నాన్నా. ఇది నాకు నేర్పాలి నువ్వు."

మిగిలింది కూడా చెప్పాడాయన, ముక్క వదలకుండా. ఇది నీకూ పట్టుకుంటే ఇంక జన్మలో నీ మాట ఎవరూ వినరమ్మా అని బతిమాలాడు. ఆ మొహం, ఆ మొహం అంటూ ఆమె నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. ఇంటికి వచ్చేటప్పుడు దారి పొడుగునా మూడు లెక్కపెట్టడం సాధన చేసింది.

ఏడాదిన్నరలో నాలుగు సినిమాలొచ్చాయి. నాలుగూ బాగా ఆడాయి. బడి మానేసింది.

ఒక పొద్దున ఆయన కాఫీ తాగుతుంటే కూతురొచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది. మొహం పీక్కుపోయి ఉంది.

"నాన్నా, నీతో ఒక మాట చెప్పాలి. నా వల్ల..."

పై అరలోంచి జల్లెడ జారి ఆమె నెత్తిన పడింది.

ఆమె కన్నార్పలేదు. ఒకటి, రెండు, మూడు. లెక్క కొలిచినట్టుంది, అచ్చం తండ్రిదే. అందరికంటే ముందు నవ్వింది ఆయనే. పొలమారింది, కళ్ళలో నీళ్ళొచ్చాయి, అయినా ఆపుకోలేకపోయాడు. నవ్వు దానంతటది అణిగాక గానీ తానేం చేశాడో ఆయనకి తెలియలేదు.

"ఏంటమ్మా చెప్పబోయావు?" అన్నాడు భయంగా.

"ఏం లేదు నాన్నా," అంటూ జల్లెడ తీసి బల్ల మీద పెట్టి, షూటింగుకి టైమైందని లేచింది.

తల్లి స్టూలు లాక్కుని ఎక్కి, కూతురి కుర్చీకి పైనున్న అర కూడా ఖాళీ చెయ్యడం మొదలుపెట్టింది.